కత్తెర ఎక్కడ పడుతుంది? – ప్రోటీన్ల కోతను ముందే లెక్కగట్టిన చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. కోటల గురించి, దేవాలయాల గురించి, ఉద్యమాల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను గణాంక శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పంట కోత ప్రయోగాలు, పట్టికలు, సగటులు – నాకు తెలిసిన విద్య అదే. అందుచేత లెక్కలకు సంబంధించిన ఒక చరిత్రనే ఎంచుకున్నాను. ఇదీ కోతల చరిత్రే. కోతలనగానే గొప్పలు చెప్పుకోవడం అనుకోకండి. పొలంలో కోత కూడా కాదు. మన ఒంట్లో క్షణక్షణం జరిగే కోత.

విషయం కొత్తగా ఉన్నా మనకు దూరమైనది కాదు. మనలో చాలామంది పొద్దున్నే వేసుకునే రక్తపోటు మాత్ర, షుగరు మాత్ర ఈ కోతలను ఆపేవే కావచ్చు. కత్తెర ఎక్కడ పడుతుందో తెలిసిన తర్వాతనే దాన్ని ఆపే మందు తయారయింది. ఆ తెలియడం ఎలా జరిగింది, కంప్యూటరు దాన్ని ముందే ఎలా చెప్పగలుగుతోంది, ఆ చెప్పడాన్ని ఎంతవరకు నమ్మవచ్చు – ఈ మూడు సంగతులు మనవి చేస్తాను.

కత్తెరలు, పూసల దండలు

ప్రోటీన్లను మన చిన్నప్పటి పుస్తకాల్లో మాంసకృత్తులు అనేవారు. అవి ఇరవై రకాల అమైనో ఆమ్లాలను పూసలుగా గుచ్చిన దండలు. పూసల వరుసను బట్టి దండ తనంతట తాను మడతలు పడి ఒక రూపం తెచ్చుకుంటుంది. కొన్ని దండలు వందలోపు పూసలవి, కొన్ని వేల పూసలవి. ఈ దండలను తెంపే ఎంజైములే ప్రోటియేజ్‌లు. మనిషి జన్యువులలో ఇలాంటి కత్తెరల వివరాలున్నవి 550కి పైగా ఉన్నాయి.

మాంసం త్వరగా ఉడకాలంటే పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఆ ముక్కలో ఉన్న పపైన్ ఒక ప్రోటియేజ్. మన కడుపులోని పెప్సిన్ మరొకటి. దాన్ని 1836లో జర్మనీలో థియొడోర్ ష్వాన్ గుర్తించాడు. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్‌కు 1876లో విల్‌హెల్మ్ క్యూనె పేరు పెట్టాడు.

అయితే ఈ కత్తెరలన్నీ తిండి అరగడానికే కావు. రక్తం గడ్డ కట్టడం, రక్తపోటు పెరగడం, ఇన్సులిన్ తయారవడం, పాడైన కణం తనంతట తాను చనిపోవడం – ఇవన్నీ ఏదో ఒక ప్రోటీను సరైన చోట తెగడం వల్ల జరిగే పనులు. సరైన చోట అనే మాటలోనే ఉంది కీలకం. ఒక పూస అటూ ఇటూ అయితే పని చెడుతుంది.

తొలి రిజిస్టర్లు

ఏ కత్తెర ఎక్కడ పడుతుందో పద్ధతిగా చూడడం 1930లలో మొదలయింది. జర్మనీ వదిలి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు వచ్చిన మాక్స్ బెర్గ్‌మన్, ఆయన సహచరుడు జోసెఫ్ ఫ్రూటన్ రెండు మూడు పూసల చిన్న దండలను ప్రయోగశాలలో తయారు చేశారు. వాటిని ఎంజైములకు ఇచ్చి ఏది తెగింది, ఏది తెగలేదు అని రాసిపెట్టారు. ఎంజైములకు ఇష్టాయిష్టాలున్నాయని అప్పుడు గట్టిగా తేలింది.

తర్వాత కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులిన్ పూసల వరుసను చదివాడు. ఇన్సులిన్‌లో రెండు దండలు, మొత్తం 51 పూసలు. ఒక దండ వరుస 1951లో, రెండోది 1953లో అచ్చయింది. దండను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను చదివి, మళ్లీ వరుసలో పేర్చడం ఆయన పద్ధతి. ముక్కలు చేయడానికి ఆమ్లాలతో పాటు ట్రిప్సిన్, పెప్సిన్ వంటి కత్తెరలను వాడాడు. ఈ పనికి 1958లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి పనుల వల్ల ట్రిప్సిన్ నియమం స్థిరపడింది. లైసిన్ లేదా ఆర్జినిన్ అనే పూస తర్వాత అది కోస్తుంది. ఆ వెంటనే ప్రోలిన్ ఉంటే సాధారణంగా కొయ్యదు. ఒక్క వాక్యంలో ఇమిడే ఈ నియమమే కోత అంచనాలలో అన్నిటికంటె సులువైనది. నేటికీ ప్రపంచంలోని ప్రయోగశాలల్లో ప్రోటీన్లను గుర్తించే యంత్రాల వెనక కంప్యూటర్లు ఈ నియమంతోనే కాగితం మీది కోత కోసి, యంత్రం తూచిన ముక్కలతో పోల్చి చూస్తాయి.

ఈ రంగంలోకి కంప్యూటరును మొదట తెచ్చినవారిలో మార్గరెట్ డేహాఫ్‌ను చెప్పుకోవాలి. అమెరికాలో ఆమె, రాబర్ట్ లెడ్లీ కలిసి 1962లో ఐబీఎం 7090 యంత్రానికి ఒక ప్రోగ్రాము రాశారు. చింపిన ఉత్తరం ముక్కలను అంచులు కలిపి చదివినట్లు, కోసిన ప్రోటీను ముక్కలను కలిపి అసలు వరుసను తేల్చడం దాని పని. 1965లో ఆమె బృందం అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్ల వరుసలను ఒక గ్రంథంగా అచ్చు వేసింది. ఒక్కొక్క అమైనో ఆమ్లానికి ఒక్కొక్క అక్షరం వాడే పద్ధతి కూడా ఆమె తెచ్చినదే. ఆ గ్రంథం ఈ రంగానికి మొదటి పెద్ద రిజిస్టరు.

1967లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో షెక్టర్, బెర్గర్ అనే ఇద్దరు మన బొప్పాయి ఎంజైము మీద పనిచేస్తూ మరో మేలు చేశారు. కోత పడే చోటును కాలవ మీద వంతెనగా అనుకోండి. వంతెనకు ఇవతల ఇళ్లకు పి-1, పి-2, పి-3 అని, అవతల ఇళ్లకు పి-1 ప్రైమ్, పి-2 ప్రైమ్ అని నెంబర్లు వేశారు. ఎంజైములో ఆ ఇళ్లకు ఎదురుగా గుంటలుంటాయి. పపైన్‌కు ఇలాంటి గుంటలు ఏడని తేల్చారు. అంతేకాదు, పపైన్ విషయంలో కోతను ఆనుకున్న పూస కంటె దాని ఇవతలి రెండో పూసకే ఎక్కువ పట్టింపు అని కూడా తేలింది. ఆ ఇంటి నెంబర్లే నేటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. అందరూ ఒకే నమూనాలో నమోదు చేస్తే తప్ప పట్టిక తయారు కాదన్న సంగతి మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇన్సులిన్ చెప్పిన పాఠం

షుగరు ఉన్న సభ్యులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవవలసిందిగా కోరుతున్నాను.

51 పూసల ఇన్సులిన్ మొదట 110 పూసల దండగా పుడుతుంది. ముందున్న 24 పూసలు చిరునామా చీటీ వంటివి. ఆ తర్వాత ఇన్సులిన్ దండల్లో ఒకటి, మధ్యలో తీసిపారేయవలసిన ముక్క, చివర రెండో దండ. మధ్య ముక్కకు రెండు కొసలా జంట పూసలు కాపలా ఉంటాయి. ఒక కొసన రెండు ఆర్జినిన్లు, మరో కొసన లైసిన్, ఆర్జినిన్. కత్తెర ఆ జంటల దగ్గర పడుతుంది. ఇన్సులిన్ ఇలా పెద్ద దండ నుంచి తయారవుతుందని 1967లో చికాగోలో డొనాల్డ్ స్టైనర్ చూపించాడు.

మరి ముందున్న చిరునామా చీటీ సంగతేమిటి? కణం బయటకు పంపవలసిన ప్రోటీన్లకు ముందు భాగాన ఒక చీటీ ఉంటుందని, సరుకు దారిలో పడగానే దాన్ని చింపేస్తారని న్యూయార్కులో గుంటర్ బ్లోబెల్ 1970లలో నిరూపించాడు. దానికి 1999లో నోబెల్ వచ్చింది. ఆ చీటీని సంకేత పెప్టైడ్ అంటారు. అది కోసే కత్తెర వేరు. చిక్కేమిటంటే, ఒక ప్రోటీను చీటీకి మరో ప్రోటీను చీటీకి వరుసలో పెద్దగా పోలిక ఉండదు. ట్రిప్సిన్‌కు మల్లే ఒక్క పూస పేరు చెప్పి కోత ఇక్కడ అనడానికి వీల్లేదు.

ఈ చిక్కును స్వీడన్‌కు చెందిన గున్నార్ ఫాన్ హైనె విప్పాడు. ఆయన చేసిన పని చూసినప్పుడు మా శాఖలో పట్టిక వేసినట్లే అనిపించింది. కోత చోటు తెలిసిన ప్రోటీన్లను కోత దగ్గర సరిగ్గా కలిసేటట్లు ఒకదాని కింద ఒకటి రాశాడు. నిలువు గళ్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడు. 1983లో నియమం ప్రకటించాడు. కోతకు ముందున్న మొదటి స్థానంలో అలనిన్, గ్లైసిన్, సెరిన్ వంటి చిన్న పూసలే ఉండాలి. మూడో స్థానంలో విద్యుదావేశం ఉన్నవి, భారీవి పనికిరావు. ఆ మూడు స్థానాల్లోను, కోత దాటిన మొదటి స్థానంలోను ప్రోలిన్ ఉండకూడదు.

ఈ నియమాన్ని మన ఇన్సులిన్ మీద పెట్టి చూద్దాం. కాగితం, పెన్సిలు చాలు. చీటీ చివరి అయిదు పూసలు వరుసగా ఇవి: ఆస్పార్టిక్ ఆమ్లం, ప్రోలిన్, అలనిన్, అలనిన్, అలనిన్. ఆ తర్వాత ఇన్సులిన్ మొదటి పూస ఫినైల్ అలనిన్. మూడు అలనిన్లున్నాయి కదా, ఏ అలనిన్ తర్వాత కోత?

మొదటి అలనిన్ తర్వాత అనుకుంటే, వెనక్కి మూడో స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం వస్తుంది. అది విద్యుదావేశం ఉన్నది, కుదరదు. రెండో అలనిన్ తర్వాత అనుకుంటే మూడో స్థానంలో ప్రోలిన్ వస్తుంది. అదీ కుదరదు. మూడో అలనిన్ తర్వాత అనుకుంటే వెనక మూడూ అలనిన్లే, ముందు ప్రోలిన్ లేదు. అంతా కుదిరింది. నిజంగా కోత పడేది అక్కడే, 24వ పూస తర్వాత. చేతి లెక్కతో ఇంత కచ్చితంగా వస్తుందని చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇది కాగితం లెక్క కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ. పుట్టిన ఆరు నెలల్లోపే షుగరు వచ్చే పసిపిల్లలుంటారు. 2007లో అమెరికా, బ్రిటన్ పరిశోధకులు అలాంటి పిల్లల్లో కొందరికి ఇన్సులిన్ జన్యువులోనే మార్పులున్నాయని కనుగొన్నారు. వాటిలో ఒకటి సరిగ్గా ఆ 24వ పూస. అలనిన్ ఉండవలసిన చోట ఆస్పార్టిక్ ఆమ్లం చేరింది. 1983 నాటి పట్టిక ప్రకారం ఆ పూస అక్కడ ఉండకూడదు. ఆ మార్పు వల్ల చీటీ సరిగా తెగడం లేదని తర్వాత ప్రయోగశాలలో చూశారు. 110 పూసల్లో ఒక్కటి మారితే ఒక బిడ్డ జీవితమంతా ఇంజెక్షన్ల పాలయింది.

పట్టిక నుంచి యంత్రానికి

1986లో ఫాన్ హైనె తన నియమాన్ని మార్కుల పట్టికగా మార్చాడు. పద్ధతి సులువే. ఒక పూస మామూలుగా ప్రోటీన్లలో నూటికి 8 సార్లు వస్తుందనుకుందాం. కోత ముందు స్థానంలో నూటికి 40 సార్లు వస్తే అయిదు రెట్లు ఎక్కువ, కనుక దానికి మంచి మార్కులు. అరుదుగా వస్తే తక్కువ మార్కులు. రెట్లను సంవర్గమానంలోకి మార్చితే గుణకారం బదులు కూడిక సరిపోతుంది. కొత్త ప్రోటీను రాగానే ఒక్కొక్క స్థానానికి మార్కులు కూడి, ఎక్కువ వచ్చిన చోటే కోత అనడమే. ఈ పద్ధతి నూటికి 75 నుంచి 80 సరిగా చెబుతుందని ఆయనే అంచనా వేశాడు. మిగతా ఇరవై సంగతి దాచలేదు.

1997లో డెన్మార్క్ పరిశోధకులు, ఫాన్ హైనె కలిసి న్యూరల్ నెట్‌వర్క్ అనే పద్ధతితో సిగ్నల్‌పి అనే సాధనం ప్రకటించారు. మెదడు కణాల అల్లికను అనుకరించే లెక్క అది. ఉదాహరణలు చూపుతూ పోతే తన మార్కులు తానే సవరించుకుంటుంది. ఆ సాధనం ఆరో రూపం 2022లో వచ్చింది. కోట్ల కొద్దీ ప్రోటీను వరుసలను ఒక భాషలా చదివిన నమూనా మీద అది ఆధారపడుతుంది. అయినా దానికి చివరి శిక్షణ ఇచ్చేది కోత చోటు నమోదైన ఉదాహరణలతోనే.

ఎయిడ్స్ వైరస్ కత్తెర

ఈ చరిత్రలో పోటీ ఎక్కువగా జరిగిన ఘట్టం ఎయిడ్స్ వైరస్‌ది. ఆ వైరస్ తన ప్రోటీన్లను ఒకే పొడవాటి దండగా తయారు చేయించుకుని, తన సొంత కత్తెరతో కోసుకుంటుంది. ఆ కత్తెరను చెడగొడితే వైరస్‌కు సోకే శక్తి పోతుందని 1988లో రుజువయింది. 1989లో దాని ఆకారం తెలిసింది. 99 పూసల దండలు రెండు జతకలిసి ఏర్పడిన చిన్న ఎంజైము. కోతకు అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది పూసలను అది పట్టుకుంటుంది.

ఎనిమిది స్థానాలు, ఒక్కొక్క స్థానంలో ఇరవై అవకాశాలు. లెక్కవేస్తే 2,560 కోట్ల రకాల ముక్కలు. అన్నీ తయారు చేసి పరీక్షించడం ఎవరి తరమూ కాదు. అందుకే అంచనా కావలసి వచ్చింది. 1991లో పూర్‌మన్, ఆయన సహచరులు ఒక్కొక్క స్థానం విడివిడిగా కోతకు ఎంత దోహదం చేస్తుందో గణాంక పద్ధతిలో లెక్కగట్టారు. 1990ల మధ్యలో న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో 362 ముక్కల జాబితా వాడారు. అందులో తెగినవి 114, తెగనివి 248. తర్వాత వచ్చిన చాలా పద్ధతులకు ఆ జాబితాయే గీటురాయి అయింది. ఒకదాన్ని మించి ఒకటి, మా యంత్రం గొప్పదంటే మా యంత్రం గొప్పదని వ్యాసాలు వచ్చాయి.

2004లో స్వీడన్‌కు చెందిన రోగ్న్‌వాల్డ్‌సన్, యు అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. ఈ సమస్యకు న్యూరల్ నెట్‌వర్కులు ఎందుకు వాడకూడదన్నదే ఆ వ్యాసం శీర్షిక. అదే 362 ముక్కల జాబితా తీసుకుని, మార్కులు కూడే సాదా పద్ధతే సరిపోతుందని, అంత చిక్కు యంత్రం అవసరం లేదని చూపించారు. 2015లో మరింత పెద్ద జాబితాలతో మళ్లీ పరీక్షించినప్పుడు కూడా సాదా పద్ధతే నిలబడింది.

ఇక్కడ నా వృత్తి అనుభవం ఒకటి చెప్పాలి. పంట కోత ప్రయోగంలో పొలాన్ని మన ఇష్టం వచ్చినట్లు ఎంచుకోకూడదు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి, అది చూపిన చోటే అయిదు మీటర్ల చదరం గుర్తుపెట్టి కొయ్యాలి. రోడ్డు పక్కనున్న మంచి చేలు మాత్రమే కోసి మండలం దిగుబడి చెబితే ఆ అంకె ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఎయిడ్స్ కత్తెర జాబితాలోనూ ఈ ఇబ్బందే ఉంది. పరీక్షించిన ముక్కల్లో చాలా భాగం తెలిసిన కోత చోట్లలో ఒకటి రెండు పూసలు మార్చి చేసినవి. అంటే రోడ్డు పక్క చేలే. 2,560 కోట్ల చేలున్న మండలంలో కొన్ని వందల రోడ్డు పక్క చేలు చూసి నూటికి తొంభై పైన సరిగా చెప్పాం అంటే, ఆ తొంభై ఎక్కడి తొంభై అని అడగవలసిందే.

అలాగని ఆ కృషి వృథా కాలేదు. ఈ వైరస్ కత్తెర ఫినైల్ అలనిన్‌కు లేదా టైరోసిన్‌కు, ప్రోలిన్‌కు మధ్య కొయ్యగలదు. మనిషి కత్తెరలు సాధారణంగా అలా కొయ్యవు. ఆ తేడాను పట్టుకుని, తెగే ముక్కను పోలి ఉండి తెగని పదార్థాన్ని తయారు చేశారు. అదే సక్వినవిర్. 1995 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. ఆ తరగతి మందులలో మొదటిది. ఇతర మందులతో కలిపి వాడడం మొదలయ్యాక ఎయిడ్స్ మరణాలు బాగా తగ్గాయి. తర్వాతి కాలంలో ఈ తరగతి మందుల జనరిక్ రకాలను హైదరాబాదు కంపెనీలు కూడా తయారు చేసి విదేశాలకు పంపాయి.

అక్షరం ఉన్నంత మాత్రాన కోత పడదు

మన కణాల్లో కాస్పేస్‌లు అనే కత్తెరలున్నాయి. కణం తనను తాను ముగించుకోవలసి వచ్చినప్పుడు ఇవి పనిలోకి దిగుతాయి. ఆస్పార్టిక్ ఆమ్లం తర్వాత కొయ్యడం వీటి అలవాటు. అయితే ఆ పూస లేని ప్రోటీను దాదాపు ఉండదు. అన్నీ తెగవు కదా. కారణం మడత. ఉండగా చుట్టిన దండలో లోపలి పూసకు కత్తెర అందదు. వదులుగా వేలాడే చోటే అందుతుంది.

రెండో కారణం అంకెల్లోనే ఉంది. 500 పూసల ప్రోటీనులో నిజమైన కోత చోటు ఒక్కటే ఉందనుకోండి. నూటికి 99 సరిగా చెప్పే యంత్రం కూడా మిగిలిన 499 చోట్లలో సుమారు అయిదింటిని పొరపాటున కోత అంటుంది. అంటే ఆరు చోట్లు చూపితే అందులో నిజం ఒక్కటి. నూటికి 99 అన్న మాట వినగానే మురిసిపోకూడదన్నది ఇందుకే.

మూడోది రిజిస్టరు సంగతి. తెగిందని నమోదైనది నిజంగా తెగినదే. తెగిందని నమోదు కానిది మాత్రం తెగనిది కావచ్చు, లేదా ఎవరూ చూడనిది కావచ్చు. సర్వీసు రిజిస్టరులో ఒక సెలవు నమోదు కాలేదంటే ఆ సెలవు తీసుకోలేదని అర్థం కాదన్నది మనందరికీ తెలిసిన సంగతే. పాత జాబితాలలో చూడనివాటిని తెగనివాటి కింద లెక్కవేసిన సందర్భాలు లేకపోలేదు.

ఈ లోపాలు తీర్చే పని కూడా జరిగింది. 1996లో ఇంగ్లండులో నీల్ రాలింగ్స్, అలన్ బారెట్ ప్రోటియేజ్‌లన్నిటికీ మెరాప్స్ అనే ఒక పెద్ద రిజిస్టరు తెరిచారు. ఏ కత్తెర ఏ కుటుంబానిది, ఎక్కడ ఏది కోసింది అన్న వివరాలు అందులో చేర్చుతూ వచ్చారు. 2000 తర్వాత ముక్కల బరువు తూచే యంత్రాలు ఒక్క ప్రయోగంలోనే వందలు, వేల కోతలను పట్టి ఇవ్వసాగాయి. 2021లో ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటరు పద్ధతి వచ్చాక ప్రోటీను మడతలను కూడా వరుస చూసి ఊహించడం వీలయింది. దానికి 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. వరుస, మడత రెండూ కలిపి చూస్తే కోత అంచనా మెరుగవుతుంది.

కోవిడ్ కాలంలో

కోవిడ్ రోజులు మనం మరచిపోలేనివి. మన సంఘమూ ఎందరో పెద్దలను పోగొట్టుకుంది. ఆ వైరస్‌కు కూడా సొంత కత్తెర ఉంది. దాని ముఖ్య ప్రోటియేజ్ పొడవాటి దండను 11 చోట్ల కోస్తుంది. గ్లుటమిన్ అనే పూస తర్వాత కొయ్యడం దాని గుర్తు. ఇది 2020లో కొత్తగా తెలుసుకున్నది కాదు. 2003లో సార్స్ వచ్చినప్పుడే ఆ కుటుంబం వైరస్‌ల కోత చోట్లు పోగుచేశారు. 2004లో డెన్మార్క్ బృందం వాటితో ఒక అంచనా సాధనం కూడా తయారు చేసింది. సార్స్ తగ్గిపోయింది, రిజిస్టరు మిగిలింది. 2020లో అది అక్కరకు వచ్చింది.

మనిషి కత్తెరల్లో ఆ అలవాటు ఉన్నది లేకపోవడంతో, గ్లుటమిన్‌ను పోలిన భాగం పెట్టి నిర్మాట్రెల్విర్ అనే మందు చేశారు. 2021 డిసెంబరులో అమెరికాలో దానికి అత్యవసర అనుమతి లభించింది. హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ తయారు చేసిన దాని జనరిక్ రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో తన అర్హత జాబితాలో చేర్చింది.

అదే వైరస్ పైనుండే ముల్లు ప్రోటీనులో మరో కోత చోటు ఉంది. అక్కడ కోసేది మన కణాల్లోని ఫ్యూరిన్ అనే కత్తెర. దగ్గరి బంధువులైన వైరస్‌లలో లేని నాలుగు పూసలు ఇక్కడ చేరాయని, ఫ్యూరిన్‌కు ఇష్టమైన వరుస ఏర్పడిందని 2020 తొలి నెలల్లోనే వరుస చదివి చెప్పారు. ఊపిరితిత్తుల కణాల్లోకి వైరస్ ప్రవేశించడానికి ఆ కోత అవసరమని కొన్ని నెలల్లో ప్రయోగాలు నిర్ధారించాయి. ముందు అంచనా, వెంటనే పరీక్ష. సరైన వరుస అదే.

మన మందుల పెట్టెలో

రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు పది పూసల యాంజియోటెన్సిన్ నుంచి చివరి రెండు పూసలను తెంపే కత్తెరను ఆపుతాయి. ఆ రెండూ తెగితేనే రక్తనాళాలను బిగించే పదార్థం తయారవుతుంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటి షుగరు మాత్రలు మరో కత్తెరను ఆపుతాయి. ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే జీఎల్‌పి-1 అనే హార్మోను మొదటి రెండు పూసలను ఆ కత్తెర తెంపేస్తుంది. అందువల్ల ఆ హార్మోను రక్తంలో ఒకటి రెండు నిమిషాలకే నిర్వీర్యమవుతుంది. ఇప్పుడు పేరు వినబడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షనులో ఆ రెండో పూసనే మార్చి కత్తెరకు పట్టు దొరక్కుండా చేశారు. కోత చోటు తెలియబట్టే అది సాధ్యమయింది. అయితే ఈ వ్యాసం చదివి ఎవరూ మాత్రలు మార్చుకోవద్దని మనవి. అది డాక్టరు గారి పని.

ఇంతవరకు చెప్పిన చరిత్రలో యంత్రాలు మారాయి, పద్ధతులు మారాయి. మారనిది ఒకటే. బెర్గ్‌మన్ కాలం నుంచి నేటి వరకు ఎవరో ఒకరు ఓపికగా ఒక్కొక్క కోతను చూసి, తెగితే తెగిందని, తెగకపోతే తెగలేదని నిజాయితీగా రాసిపెట్టారు. వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. కంప్యూటరు చెప్పే ప్రతి అంచనా ఆ రాతల మీద వచ్చే వడ్డీయే. అసలు లేనిదే వడ్డీ లేదు.

మన పిల్లలు, మనవలు ఈ రంగాల్లో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. యంత్రం ఇంత శాతం సరిగా చెప్పిందని వారు చెప్పినప్పుడు మనం రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఏ జాబితా మీద పరీక్షించారు? ఆ జాబితాలో తెగలేదని రాసినవాటిని నిజంగా ఎవరైనా పరీక్షించి చూశారా? లెక్కలు, ఫైళ్లు చూసి తల నెరిసిన మనకు ఈ ప్రశ్నలు అడిగే అర్హత ఉందని నా నమ్మకం.